ఇంటి కంప్యూటర్‌కు నిలిచే మదర్‌బోర్డు

ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడి, ఇంజినీరింగ్, డిగ్రీ ప్రవేశాలు మొదలయ్యే రోజుల్లో గోదావరి జిల్లాల్లోని అనేక ఇళ్లలో ఒకే చర్చ సాగుతుంది. పిల్లలకు కంప్యూటర్ కొనాలా? కొంటే ఎంతలో కొనాలి? ల్యాప్‌టాప్ ధర విని వెనుకంజ వేసిన తల్లిదండ్రులకు, విడిభాగాలు తెచ్చి ఇంట్లోనే బిగించుకునే డెస్క్‌టాప్ మంచి మార్గంగా తోస్తుంది. అది నిజంగా మంచి మార్గమే. చెడిపోయిన భాగాన్ని మాత్రమే మార్చుకోవచ్చు. ఇంట్లో మూలనున్న పాత మానిటర్‌ను, కీబోర్డును వాడుకోవచ్చు. అన్న చదువు పూర్తయ్యాక అదే యంత్రాన్ని చెల్లెలి అవసరాలకు తగినట్టు పెంచుకోవచ్చు.

అయితే ఆ ముప్పై, నలభై వేల రూపాయలు చాలా కుటుంబాలకు చేతిలో సిద్ధంగా ఉండే సొమ్ము కాదు. అబ్బా దుకాణంలో, అమ్మీ కుట్టుపనిలో మిగిల్చి, వడ్డీ వాయిదాల జోలికి పోకుండా నెలల తరబడి కూడబెట్టినది. అందులో మదర్‌బోర్డుకు వెళ్లేది ఇంచుమించు ఐదో వంతు. తక్కిన నాలుగు వంతుల సొమ్ము క్షేమం మాత్రం ఆ ఒక్క బోర్డు మీదనే ఆధారపడి ఉంటుంది. కనుక ఈ సంచికలో తక్కువ ధరలో నమ్మకమైన మదర్‌బోర్డును ఎలా ఎంచుకోవాలో వివరించదలచాము. మా సలహా సారాంశం ఇది: మన డెల్టాలో బోర్డు ఆయుష్షును వేడి, తేమ, కరెంటు అనే మూడు అంశాలు నిర్ణయిస్తాయి. వాటిని తట్టుకునే సాదా బోర్డును రసీదుతో కొని, రంగుల దీపాలకు పోయే డబ్బును విద్యుత్ రక్షణకు మళ్లించడం మేలు.

బోర్డు చేసే పని

ప్రాసెసర్, ర్యామ్, డిస్కు, కీబోర్డు, తెర అన్నీ మదర్‌బోర్డు మీదనే కలుస్తాయన్నది అందరికీ తెలిసిన విషయమే. అంతగా తెలియని పని మరొకటి ఉంది. ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకు 12 వోల్టుల విద్యుత్తు వస్తుంది. ప్రాసెసర్‌కు కావలసినది దాదాపు ఒక వోల్టు మాత్రమే. ఆ 12 వోల్టులను ఒక వోల్టు స్థాయికి దించి, క్షణక్షణానికి మారే అవసరానికి తగినట్టు నిలకడగా అందించే చిన్న విద్యుత్ కేంద్రం ప్రాసెసర్ సాకెట్ పక్కనే ఉంటుంది. దీన్ని సాంకేతికులు వీఆర్ఎం అంటారు. చవక బోర్డులకు, మెరుగైన బోర్డులకు మధ్య తేడా ఎక్కువగా కనిపించేది ఇక్కడే. ఈ భాగంలోని చిప్పులపై అల్యూమినియం హీట్‌సింక్ ఉంటే వేడి త్వరగా బయటికి పోతుంది. బాగా చవక బోర్డులలో అది ఉండదు. ఇంటెల్ కోర్ ఐ3-12100 వంటి తక్కువ విద్యుత్తు వాడే ప్రాసెసర్‌కు హీట్‌సింక్ లేకున్నా నడుస్తుంది. గంటల తరబడి పూర్తి భారంతో పనిచేసే ఐ5, రైజెన్ 5 వంటి వాటికి ఉండటమే క్షేమం.

కెపాసిటర్లు నేర్పిన పాఠం

బోర్డు మీద నిలువుగా కనిపించే చిన్న డబ్బాల వంటివి కెపాసిటర్లు. 2000వ సంవత్సరం తర్వాతి తొలి ఏళ్లలో తైవాన్‌లో తయారైన కొన్ని కెపాసిటర్లలోని రసాయన ద్రవం లోపభూయిష్ఠంగా ఉండటంతో, ప్రపంచమంతటా అసంఖ్యాకమైన మదర్‌బోర్డులు రెండు, మూడేళ్లకే చెడిపోయాయి. డబ్బాల తలలు ఉబ్బి, గోధుమరంగు ద్రవం బయటికి కారేది. ఇలా చెడిన బోర్డులను మార్చి ఇచ్చేందుకు 2005లో డెల్ సంస్థ 30 కోట్ల డాలర్లు కేటాయించవలసి వచ్చింది. ఆ తర్వాత పేరున్న తయారీదారులు క్రమంగా ద్రవం లేని, ఘన పాలిమర్ కెపాసిటర్లకు మారారు. వాటి తల చదునుగా, లోహపు మెరుపుతో ఉంటుంది. ద్రవ కెపాసిటర్ తలపై సాధారణంగా కత్తితో గీసినట్టు గాట్లు కనిపిస్తాయి. ప్రాసెసర్ చుట్టూ ఏ రకం ఉన్నదో కంటితో చూసే తెలుసుకోవచ్చు. ఘన రకమే తీసుకోవాలి.

వేడికీ ఆయుష్షుకీ ఉన్న సంబంధాన్ని ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. ద్రవ కెపాసిటర్ ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ దాని జీవితకాలం సగానికి తగ్గుతుందన్నది ఇంజినీర్లు పాటించే అంచనా. 105 డిగ్రీల వద్ద 2,000 గంటలు పనిచేసే కెపాసిటర్ 65 డిగ్రీల వద్ద 32,000 గంటలు పనిచేస్తుంది. 75 డిగ్రీల వద్దనైతే 16,000 గంటలే. రోజుకు ఎనిమిది గంటల చొప్పున లెక్కిస్తే మొదటిది పదకొండేళ్లకు సమీపం, రెండోది అయిదున్నరేళ్లు. ఘన కెపాసిటర్లు ఇంతకంటే మెరుగే కాని, వేడి వాటికీ శత్రువే. రాజమహేంద్రవరంలో మే నెల మధ్యాహ్నం గది ఉష్ణోగ్రతే నలభై డిగ్రీలకు చేరుతున్నప్పుడు, ముందువైపు గాలి చొరబడని అద్దాల క్యాబినెట్ ఎంత అందంగా ఉన్నా మనకు తగినది కాదు. ముందు జాలీ, వెనుక ఒక ఫ్యాన్ ఉన్న సాదా క్యాబినెట్ చాలు.

తేమ, ఉప్పుగాలి, బల్లులు

ఉప్పాడ, అంతర్వేది, నరసాపురం వంటి తీరప్రాంతాల్లో ఇంటి గ్రిల్లులు ఎంత త్వరగా తుప్పు పడతాయో అక్కడివారికి చెప్పనవసరం లేదు. అదే గాలి క్యాబినెట్‌లోకీ వస్తుంది. బోర్డుపైని సన్నని రాగి దారుల మీద ధూళి పేరుకుని, దానికి ఉప్పు తేమ తోడైతే, ఉండకూడని చోట విద్యుత్తు ప్రవహించడం మొదలవుతుంది. రైసుమిల్లుల సమీపంలోని ఇళ్లలో ఊక బూడిద దీనికి అదనం. తేమను తట్టుకునే గాజునార పలకపై బోర్డును తయారుచేశామనీ, వెనుక పోర్టుల కవచానికి స్టెయిన్‌లెస్ స్టీలు వాడామనీ కొన్ని కంపెనీలు పెట్టెపై ముద్రిస్తాయి. ఎండుగాలి వీచే ఊళ్లలో ఇవి అంతగా పట్టించుకోనవసరం లేని మాటలు. మన తీరంలో మాత్రం ఒకే ధరలో రెండు బోర్డులు ఉన్నప్పుడు వీటిని లెక్కలోకి తీసుకోవచ్చు.

వానాకాలంలో కంప్యూటర్‌ను వారాల తరబడి మూసి ఉంచకూడదు. రోజూ కొంతసేపు నడిపితే లోపలి వెచ్చదనానికి తేమ ఆరుతుంది. బోర్డుతో వచ్చే పోర్టుల కవచాన్ని, క్యాబినెట్ వెనుక ఖాళీ స్లాట్ల రేకులను తప్పక బిగించాలి. వెచ్చదనాన్ని వెతుక్కుంటూ బల్లులు, చీమలు దూరేది ఆ సందుల్లోంచే. ఒక బల్లి రెండు తీగల మధ్య పడితే బోర్డు పని ముగుస్తుంది. ఇటువంటి నష్టానికి వారంటీ సాధారణంగా వర్తించదు. 2022 జూలై వరదల్లో లంక గ్రామాల ఇళ్లలోకి నీరు చేరిన సంగతి తెలిసిందే. నదీతీర గ్రామాల వారు క్యాబినెట్‌ను నేలపై కాక బల్లపై ఉంచుకోవడం ఉత్తమం.

ప్రాసెసర్‌ను బట్టి బోర్డు

బోర్డును విడిగా ఎంచుకోలేము. ముందు ఇంటి పని ఏమిటో, దానికి ఏ ప్రాసెసర్ చాలునో నిర్ణయించుకుని, దాని సాకెట్‌కు సరిపడే బోర్డును వెతకాలి. ప్రస్తుతం తక్కువ ఖర్చుతో కంప్యూటర్ బిగించుకునేవారికి మూడు దారులు ఉన్నాయి.

మొదటిది ఇంటెల్ 12, 13, 14 తరాల ప్రాసెసర్లకు సరిపడే ఎల్‌జీఏ1700 సాకెట్. ఇందులో అన్నిటికంటే చవకైన చిప్‌సెట్ హెచ్610. దీనికి ర్యామ్ స్లాట్లు రెండే ఉంటాయి. పాఠాలు వినడం, టైపింగ్, దుకాణం లెక్కలు, ప్రోగ్రామింగ్ అభ్యాసం వంటి పనులకు ఐ3-12100 ప్రాసెసర్‌తో కలిపి ఇది పూర్తిగా సరిపోతుంది. ఇంజినీరింగ్ డ్రాయింగులు, వీడియో ఎడిటింగ్ వంటి భారమైన పనులు ఉంటే ఐ5-12400తో బి660 లేదా బి760 చిప్‌సెట్ తీసుకోవాలి. వీటిలో నాలుగు ర్యామ్ స్లాట్లు, ఎస్‌ఎస్‌డీకి రెండు ఎం.2 స్లాట్లు, వీఆర్ఎం మీద హీట్‌సింక్ ఉన్న నమూనాను చూసుకోవాలి.

రెండవది ఏఎండీ వారి ఏఎం4. 2016లో మొదలైన ఈ సాకెట్‌కు ఇక కొత్త తరం రాదు. అయినా రైజెన్ 5 5600జీ ప్రాసెసర్‌ను ఎ520 లేదా బి550 బోర్డుతో తీసుకుంటే విద్యార్థికి చాలా ఏళ్లు నిశ్చింత. మూడవది 2022లో వచ్చిన ఏఎం5. దీని బోర్డులు, ర్యామ్ కొంత ఖరీదు. కాని 2027 వరకు, ఆపైన కూడా ఈ సాకెట్‌కు మద్దతు కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. మూడు, నాలుగేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకుందామనుకునే వారికి ఎ620 లేదా బి650 బోర్డు తగినది.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. డీడీఆర్4 ర్యామ్ డీడీఆర్5 స్లాట్‌లో పట్టదు. ఒకే చిప్‌సెట్‌తో రెండు రకాల బోర్డులూ వస్తాయి. డీడీఆర్4 బోర్డు పేరు చివర కొన్ని కంపెనీలు 'డి4' అని చేరుస్తాయి. 2025 చివరి నెలల నుంచి ప్రపంచమంతటా ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కనుక ఇంట్లో పనిచేస్తున్న పాత డీడీఆర్4 ర్యామ్ ఉంటే దానికి సరిపడే బోర్డు కొనడం వల్ల చెప్పుకోదగ్గ మొత్తం మిగులుతుంది. రెండవ పొరపాటు ప్రాసెసర్ పేరులో ఉంది. ఇంటెల్ సంఖ్య చివర 'ఎఫ్' అక్షరం ఉంటే దానిలో గ్రాఫిక్స్ భాగం ఉండదు. అప్పుడు బోర్డు వెనుక ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టు నుంచి తెరపై బొమ్మ రాదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనవలసిందే. 'ఎఫ్' రకం వెయ్యి, రెండు వేలు తక్కువకు వస్తోందని ఆశపడితే ఖర్చు పెరుగుతుంది. పాత మానిటర్‌కు వీజీఏ తీగ మాత్రమే ఉంటే, బోర్డు వెనుక ఆ పోర్టు ఉన్నదో లేదో కూడా చూసుకోవాలి.

పాత చిప్‌సెట్ల 'కొత్త' బోర్డులు

బజారులో రెండు, మూడు వేలకే మూసి ఉన్న పెట్టెలో హెచ్61, హెచ్81 బోర్డులు దొరుకుతాయి. పెట్టె కొత్తదే. చిప్‌సెట్లు మాత్రం 2011, 2013 నాటివి. వీటికి సరిపడే ప్రాసెసర్లు సాధారణంగా వాడేసినవే దొరుకుతాయి. విండోస్ 11కు ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలన్నది మైక్రోసాఫ్ట్ నియమం. విండోస్ 10కు ఉచిత సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. అంటే ఈ బోర్డుపై పెట్టే ప్రతి రూపాయీ దారి మూసుకుపోయిన యంత్రం మీద పెట్టినట్టే. ఇంట్లో ఇప్పటికే ఉన్న పాత కంప్యూటర్ బోర్డు కాలిపోతే, ప్రాసెసర్, ర్యామ్ వృథా కాకుండా వాడుకోవడానికి ఇటువంటిది కొని, ఉచితంగా లభించే లినక్స్ వేసుకోవడంలో తప్పు లేదు. కొత్తగా కంప్యూటర్ సమకూర్చుకునేవారు మాత్రం వీటికి దూరంగా ఉండాలి.

దుకాణంలో గమనించవలసినవి

ఆసుస్, గిగాబైట్, ఎంఎస్ఐ, ఆస్‌రాక్ అనే నాలుగూ తైవాన్ సంస్థలే. మన దేశంలో వీటి బోర్డులకు సాధారణంగా మూడేళ్ల వారంటీ ఉంటుంది. ఈ నాలుగింటిలో ఏది గొప్పదన్న వాదన కంటే, చెడిపోయినప్పుడు ఎక్కడికి పంపాలి, ఎవరు పంపుతారు, ఎన్నాళ్లు పడుతుంది అన్న ప్రశ్నలు ముఖ్యం. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం దుకాణాలలో ధర సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్ ధర కంటే కొంత ఎక్కువ ఉండవచ్చు. రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లి తెచ్చుకుంటే కొన్ని వందలు మిగలవచ్చు. కాని బోర్డు మొరాయించినప్పుడు మళ్లీ అదే ప్రయాణం చేయవలసి వస్తే ఆ మిగులు ఎక్కడిది? వారంటీ పని తానే చూసిపెట్టే స్థానిక దుకాణదారుకు అయిదారు వందలు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

రసీదు లేకుండా తక్కువకు ఇస్తామంటే అంగీకరించరాదు. మదర్‌బోర్డుపై 18 శాతం జీఎస్టీ ఉంటుంది. ఆ పన్ను ఎగవేసి ఇచ్చే తగ్గింపుతో పాటు మన హక్కు కూడా పోతుంది. రసీదుపై నమూనా పేరు, సీరియల్ సంఖ్య రాయించుకోవాలి. పెట్టెపై ఉన్న సంఖ్య, బోర్డుపై అంటించిన సంఖ్య ఒకటేనా అని అక్కడే సరిచూడాలి. ఎల్‌జీఏ1700 బోర్డులలో 1,700 సన్నని సూదులు సాకెట్‌లోనే ఉంటాయి. ఒక్కటి వంగినా బోర్డు నడవకపోవచ్చు. వంగిన సూదులకు కంపెనీలు సాధారణంగా బాధ్యత వహించవు. కనుక దుకాణంలోనే ప్లాస్టిక్ మూత తీయించి, వెలుతురులో చూసి, సెల్‌ఫోన్‌తో ఫోటో తీసుకోవాలి. ఆ మూతను, పెట్టెను మూడేళ్లూ దాచాలి. ఎంచుకున్న ప్రాసెసర్ ఆ బోర్డుపై ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో కంపెనీ వెబ్‌సైటులోని జాబితాలో ఉంటుంది. అవసరమైతే దుకాణదారు చేతనే బయోస్‌ను నవీకరింపజేయాలి. 13, 14 తరాల పెద్ద ఇంటెల్ ప్రాసెసర్లలో తలెత్తిన అస్థిరతకు 2024లో పరిష్కారం వచ్చింది కూడా బయోస్ ద్వారానే.

లోపమున్న వస్తువు ఇచ్చి ఎవరైనా మొహం చాటేస్తే 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అయిదు లక్షల రూపాయల లోపు వస్తువుల విషయంలో అక్కడ ఫీజు కూడా లేదు. ఈ తలుపులన్నీ తెరుచుకునేది రసీదు ఉన్నవారికే.

కరెంటు నుంచి రక్షణ

ఎంత మంచి బోర్డైనా చెడు విద్యుత్తుకు తలవంచుతుంది. పెద్ద మోటారు మొదలైన క్షణంలో ఆ లైనులో వోల్టేజి పడిపోతుంది. రొయ్యల చెరువుల ఏరేటర్లు, రైసుమిల్లులు, బోరు మోటార్లు ఉన్న మన గ్రామాల్లో ఇది నిత్యానుభవం. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌ను నమ్ముకోకుండా, పేరున్న సంస్థ తయారుచేసిన 450 వాట్ల, 80 ప్లస్ ముద్ర గల దాన్ని కొనాలి. దానికి తోడు 600 వీఏ యూపీఎస్ ఉంటే, కరెంటు పోయినప్పుడు పని భద్రపరచి మూసివేయడానికి కొన్ని నిమిషాలు దొరుకుతాయి.

క్యాబినెట్‌ను తాకితే చేయి జివ్వుమంటోందని కొందరు చెబుతుంటారు. ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేదనడానికి అది గుర్తు. ఎస్‌ఎంపీఎస్ లోపలి వడపోత భాగం నుంచి భూమిలోకి పోవలసిన స్వల్ప విద్యుత్తు, దారి లేక ఇనుప పెట్టె మీదనే నిలుస్తుంది. అది దాదాపు 110 వోల్టుల వరకు ఉండవచ్చు. చెప్పులు వేసుకుని పనిచేయడం దీనికి పరిష్కారం కాదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ గుంటను, మూడు పిన్నుల ప్లగ్గును సరిచేయించాలి. పిల్లల ప్రాణాలకు సంబంధించిన విషయం కనుక ఈ ఖర్చును బోర్డు కంటే ముందు పెట్టుకోవాలి.

ఏప్రిల్, మే నెలల సాయంత్రాలలో, తిరిగి తొలకరిలో పిడుగులు పడతాయి. విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి సెల్‌ఫోన్‌కు హెచ్చరిక వచ్చిన వెంటనే ప్లగ్గు తీసివేయాలి. చాలామంది మరచేది ఇంటర్నెట్ తీగ. ఫైబర్ గాజు తంతి స్వయంగా విద్యుత్తును మోయదు. కాని స్తంభాల మీదుగా రాగి ల్యాన్ తీగ లాగి కనెక్షన్ ఇచ్చిన చోట, పిడుగు ప్రభావం ఆ తీగ వెంట వచ్చి నేరుగా బోర్డును కాల్చగలదు. ప్లగ్గుతో పాటు దాన్నీ ఊడదీయాలి.

బిగించే పని

భాగాలన్నీ సరిగా ఎంచుకుంటే బిగించడం కష్టమైన పని కాదు. అబ్బాయి, అమ్మాయి అనే తేడా లేకుండా పదో తరగతి దాటిన పిల్లలెవరైనా పెద్దల పర్యవేక్షణలో ఒక పూటలో చేయగలరు. రెండు జాగ్రత్తలు మాత్రం మరువరాదు. క్యాబినెట్‌లో బోర్డు కింద నిలిచే ఇత్తడి స్టాండాఫ్‌లు బోర్డు రంధ్రాలకు ఎదురుగానే ఉండాలి. ఒకటి అదనంగా మిగిలిపోతే బోర్డు వెనుక తగిలి షార్ట్ అవుతుంది. అన్నిటినీ క్యాబినెట్‌లో బిగించే ముందు బోర్డు పెట్టె మీదనే ప్రాసెసర్, ఫ్యాన్, ఒక ర్యామ్ పెట్టి తెర వెలుగుతుందో లేదో చూసుకోవాలి. లోపం ఉంటే అప్పుడే బయటపడుతుంది. మార్చుకోవడం కూడా తేలిక.

బడ్జెట్‌ను పంచుకునే తీరు ఇలా ఉంటే బాగుంటుందని మా సూచన. ఇంటి అవసరాలకు ఆరు నుంచి ఎనిమిది వేల మధ్య బోర్డు చాలు. భారమైన పనులకు పది, పన్నెండు వేల వరకు వెళ్లవచ్చు. అంతకుమించి పెట్టదలచిన డబ్బును మంచి ఎస్‌ఎంపీఎస్‌కు, యూపీఎస్‌కు, ఎర్తింగ్‌కు కేటాయించాలి. దుకాణానికి వెళ్లే ముందు ప్రాసెసర్ పేరు, ర్యామ్ రకం, కావలసిన పోర్టులు ఒక కాగితం మీద రాసుకుని, ఆ కాగితాన్ని చదువుకునే బిడ్డ చేతికే ఇచ్చి వెంట తీసుకువెళ్లండి. బేరం పెద్దలు చూసుకోవచ్చు. ఆ యంత్రంతో రోజూ పనిచేయవలసిన వారికి దానిలో ఏమున్నదో, ఎందుకున్నదో తెలిసి ఉండటం అవసరం.